ఆట మళ్లీ మొదలుపెట్టాక మడమ, చీలమండ నొప్పులు: ఏది ఎందుకొస్తుంది, ఏం చేయాలి

ప్రశ్న ఇది: వయసు నలభైకి దగ్గర. నాలుగేళ్లుగా కూర్చుని చేసే ఉద్యోగం, కదలిక తక్కువ. నెల కిందట పరుగూ బ్యాడ్మింటనూ మళ్లీ మొదలుపెట్టారు. ఆయాసం తగ్గిపోయింది గానీ పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ పొడుస్తోంది, మడమ వెనక పట్టేసినట్టుంటోంది, ఎప్పుడో బెణికిన చీలమండ ఆడిన సాయంత్రం వాస్తోంది. ఆపేయాలా, ఓర్చుకుని ఆడేయాలా?

రెండూ వద్దు. పూర్తిగా ఆపేస్తే నొప్పి పోతుంది, మళ్లీ మొదలుపెట్టగానే అదే చోటికి వస్తుంది, ఎందుకంటే విశ్రాంతి వల్ల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) బలపడదు. ఓర్చుకుని ఆడితే త్వరగా తగ్గాల్సింది నెలల తరబడి సాగుతుంది. చేయాల్సింది కాలి మీద పడే భారాన్ని తగ్గించి, కొలిచి, మళ్లీ పెంచుకుంటూ పోవడం.

నెల దాటాకే నొప్పులు ఎందుకు మొదలయ్యాయో ముందు తెలుసుకోండి. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లోనే దారిలో పడతాయి. కండరానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. టెండన్‌లో రక్త ప్రసరణ తక్కువ, అది గట్టిపడడానికి కనీసం మూడు నెలలు. ఎముక సంగతి ఇంకా చిత్రం: కొత్త బరువు పడగానే పాత ఎముకను తొలిచే కణాలు ముందు పనిలోకి దిగుతాయి, కొత్త ఎముక కట్టే కణాలు ఆ వెనక వస్తాయి. అందుకే మొదలుపెట్టిన మూడో వారం నుంచి కొన్ని వారాల పాటు ఎముక మునుపటికన్నా కాస్త బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఊపిరి బాగా అందుతోందని దూరం పెంచేస్తాం. నెమ్మది పరుగులో కిలోమీటరుకు ఒక్కో పాదం దాదాపు 600 సార్లు నేలను తాకుతుంది. ప్రతిసారీ పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండన్ మీద పడే లాగుడు శరీర బరువుకు ఆరు రెట్లు లేదా అంతకన్నా ఎక్కువ. 75 కిలోల మనిషికి 450 కిలోలన్న మాట. నాలుగేళ్లుగా మెట్లెక్కడం తప్ప మరో పని ఎరగని టెండన్ ఇది.

వ్యాయామాల జోలికి వెళ్లేముందు, ఇంట్లో చూసుకోకూడనివి ఏవో తేల్చుకోండి. చీలమండ బెణికితే ఎక్స్‌రే అవసరమా కాదా అనడానికి కెనడాలోని ఒటావాలో 1992లో తయారైన నియమాలున్నాయి, ఇప్పటికీ అత్యవసర విభాగాల్లో వాటినే వాడతారు. చీలమండకు లోపలా బయటా పొడుచుకొచ్చిన ఎముకలున్నాయి కదా, వాటి వెనక అంచు మీద కింది 6 సెంటీమీటర్ల మేర గానీ, కొన మీద గానీ నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. చిటికెన వేలి వైపు పాదం మధ్యలో గట్టిగా తగిలే ఎముక మొదలు మీద, లేదా పాదం లోపలి వంపు పైభాగాన ఉండే నావిక్యులర్ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అంతే. దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత డాక్టరు చూసేటప్పుడు కూడా, కుంటుతూనైనా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. పాదానికి తిమ్మిరి ఉన్నవాళ్లకు, అంటే చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు, ఈ నియమాలను నమ్ముకోకూడదు. వాళ్లకు నొప్పి పెద్దగా లేకుండానే పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచిందంటే ఎముకలు దెబ్బతింటున్నాయని అనుమానించి ఆ రోజే చూపించుకోవాలి.

ఆడుతుండగా వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, అది అకిలిస్ తెగడం కావచ్చు. చాలాకాలం తర్వాత కోర్టులో దిగిన ముప్పై, నలభై ఏళ్ల వాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. మోసం ఏమిటంటే, మొదటి కుదుపు తర్వాత పెద్ద నొప్పి ఉండకపోవచ్చు, అడుగు పరిచి నడవగలుగుతారు కూడా. బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా పెట్టి, పక్కవాళ్లను పిక్క పిసకమనండి. మామూలుగా అయితే పాదం కిందికి వంగుతుంది. కదలకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, వారాలు గడిచే కొద్దీ వైద్యం కష్టమవుతుంది. ఇంకొకటి: దెబ్బేమీ తగలకుండా ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే కండరం పట్టేసిందని మర్దన చేయించుకోకండి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దానికి తోడు ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇవేవీ కాకపోతే మీరు చెప్పిన మూడు నొప్పుల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

పొద్దున మొదటి అడుగుకు పొడిచి, పది నిమిషాల నడకతో తగ్గి, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ వచ్చే మడమ నొప్పి దాదాపు ఎప్పుడూ ప్లాంటార్ ఫేషియాదే. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ అది. మడమ అడుగున కాస్త లోపలివైపు బొటనవేలితో నొక్కితే సరిగ్గా ఆ చోటు దొరుకుతుంది. రాత్రంతా పాదం వాలి ఉండడంతో పట్టీ కుంచించుకుపోయి, మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందని చెబితే బెంబేలెత్తకండి. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఆ ముల్లు కనిపిస్తుంది, దాన్ని కోసి తీయాల్సిన అవసరం చాలా అరుదు.

దీనికి రెండు పనులు. మొదటిది మంచం దిగకముందే చేయాలి. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, చేత్తో కాలి వేళ్లన్నిటినీ ముంగాలి వైపు లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలు తడిమితే పట్టీ తీగలా బిగిసినట్టు తగలాలి, తగలకపోతే లాగింది చాలలేదు. పది సెకన్లు పట్టి ఉంచి వదలండి, ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. రెండోది బలం కోసం: మెట్టు అంచున నిలబడి, తువ్వాలు చుట్టి వేళ్ల కింద పెట్టుకోండి, వేళ్లు పైకి వంగి ఉండాలి. ఒంటికాలి మీద మూడు సెకన్లలో మడమ పైకి, రెండు సెకన్లు అక్కడే, మూడు సెకన్లలో కిందికి. రోజు విడిచి రోజు, 12 చొప్పున మూడు సెట్లు. రెండు వారాల తర్వాత వీపున సంచిలో పుస్తకాలో నీళ్ల సీసాలో వేసుకుని 10 చొప్పున నాలుగు సెట్లు, ఆ తర్వాత బరువు ఇంకా పెంచి 8 చొప్పున ఐదు సెట్లు. ఒంటికాలితో 12 చేయలేకపోతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. చాలామంది సాగదీయడంతోనే సరిపెట్టి ఈ రెండోది వదిలేస్తారు, మళ్లీ పరుగు మొదలుపెట్టగానే నొప్పి తిరగబెట్టేది అందుకే. ఈలోగా ఇంట్లో గట్టి నేల మీద వట్టి కాళ్లతో తిరగకండి, మెత్తని అడుగున్న చెప్పులు వేసుకోండి. తగ్గడానికి మూడు నెలలు పడుతుందని ముందే అనుకుని మొదలుపెట్టండి.

మడమ వెనక నొప్పిలో ఒక తేడా తప్పకుండా పట్టుకోవాలి, ఎందుకంటే వ్యాయామం మారిపోతుంది. రెండు వేళ్లతో టెండన్‌ను పక్కల నుంచి నొక్కుతూ మడమ దగ్గర నుంచి పైకి వెళ్లండి. మడమకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి, కాస్త ఉబ్బు ఉంటే అది టెండన్ మధ్య భాగం. మడమ ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉంటే, బూటు వెనక అంచు తగిలినా ఓర్చుకోలేకపోతే, అది అతుకు దగ్గరి సమస్య.

మధ్య భాగమైతే మెట్టు అంచు నుంచి మడమను కిందికి దించే వ్యాయామం బాగా పనిచేస్తుంది. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన పద్ధతిలో మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు సెట్లు, మోకాలు వంచి మరో మూడు సెట్లు, రోజుకు రెండుసార్లు, 12 వారాలు. లెక్కేస్తే రోజుకు 180. ఉద్యోగం చేసుకునేవాళ్లలో దాన్ని చివరిదాకా చేసేవాళ్లు తక్కువ. వారానికి మూడు రోజులు, ఎక్కువ బరువుతో నెమ్మదిగా చేసినా ఫలితం అంతే ఉంటుంది: మొదట్లో 15 చొప్పున మూడు సెట్లు, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచుతూ, సంఖ్య తగ్గిస్తూ, 6 చొప్పున నాలుగు సెట్ల దాకా. ఎక్కడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు. మోకాలు వంచి చేసేదాన్ని ఎగ్గొట్టకండి. పిక్క లోపలి పొరలో ఉండే సోలియస్ కండరానికి పని పడేది అప్పుడే, పరుగులో ఎక్కువ భారం మోసేది కూడా అదే. కదిలిస్తేనే నొప్పిగా ఉన్న రోజుల్లో మడమ సగం ఎత్తి కదలకుండా 45 సెకన్లు నిలబడండి, మధ్యలో రెండు నిమిషాల విరామంతో ఐదుసార్లు.

అతుకు దగ్గరి నొప్పైతే ఇవే వ్యాయామాలు చదునైన నేల మీద చేయాలి. మడమను మెట్టు కిందికి దించితే టెండన్ ఎముకకేసి నొక్కుకుపోయి నొప్పి పెరుగుతుంది. గోడను తోస్తూ పిక్కను సాగదీయడం కూడా ఇక్కడ హానే. పట్టేసిందనిపించి అందరూ చేసే మొదటి పని అదే కావడం విచారం. రెండు బూట్లలోనూ మడమ కింద ఒక సెంటీమీటరు ఎత్తు ప్యాడ్ పెట్టుకుంటే మొదటి వారాల్లో చాలా ఉపశమనం.

ఇక పాత బెణుకు. అది ఎన్నడో మానిందనుకుంటాం. ఎముకల్ని కలిపి కట్టి ఉంచే లిగమెంటు అతుక్కుంటుంది నిజమే, కానీ పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే వ్యవస్థ మందగిస్తుంది. పాదం లోపలికి తిరిగి చీలమండ బయటికి ఒరిగినప్పుడు పట్టి ఆపాల్సిన పక్క కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి. షటిల్ కోసం పక్కకు దూకి ఒంటికాలి మీద దిగిన ప్రతిసారీ కీలు కొద్దికొద్దిగా ఒరుగుతుంది, సాయంత్రానికి వాపు. అద్దం ముందు వట్టి కాలితో ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడి రెండు కాళ్లనూ పోల్చుకోండి, బెణికిన కాలు ఎక్కువ తడబడుతుంటే సమస్య అదే. కళ్లు తెరిచి సులువైతే కళ్లు మూసుకుని, అదీ కుదిరితే దిండు మీద నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడే బంతిని గోడకేసి కొట్టి పట్టుకుంటూ సాధన చేయండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. సాగే రబ్బరు బ్యాండును ఏదైనా బరువైన బల్ల కాలికి కట్టి పాదాన్ని బయటికి తిప్పే వ్యాయామం 15 చొప్పున మూడు సెట్లు జోడించండి.

చీలమండ వంగే తీరు కూడా కొలవండి. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల విడవకుండా మోకాలితో గోడను తాకాలి. తాకగలిగినంత వరకు పాదాన్ని వెనక్కి జరుపుతూ పోయి, బొటనవేలి నుంచి గోడకున్న దూరం చూడండి. 10 సెంటీమీటర్లు ఉంటే మేలు. అంతకన్నా ముఖ్యం రెండు కాళ్ల మధ్య తేడా, అది 2 సెంటీమీటర్లు దాటితే పట్టించుకోవాలి. చీలమండ వంగకపోతే ఆ లోటును పాదం వంపు కూలబడి పూడుస్తుంది, లేదా మడమ ముందుగానే లేచిపోతుంది. అరికాలి పట్టీకీ అకిలిస్‌కీ ఆ భారం తోడవుతుంది. మీ మూడు నొప్పులూ ఒకే కాలికైతే ఈ కొలతతోనే మొదలుపెట్టమంటాను. బాగుచేసే పద్ధతీ అదే: మోకాలు గోడకు 15 సార్లు, మూడు విడతలు, రోజూ. అకిలిస్ అతుకు దగ్గర నొప్పి ఉన్నంత కాలం మాత్రం ఇది వద్దు, ఇదీ పిక్కను సాగదీసేదే.

ఒకసారి బెణికిన కాలికి ఆడేటప్పుడు లేసులున్న చీలమండ సపోర్టు వేసుకోవడంలో తప్పేం లేదు. కాలు బలహీనపడుతుందనే భయం అక్కర్లేదు, మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది. కానీ ఆరు వారాల సాధన తర్వాత కూడా వాస్తున్నా, కీలు లోపల లోతుగా నొప్పి, ఇరుక్కున్నట్టు పట్టేయడం ఉన్నా లోపలి మృదులాస్థి దెబ్బతిందేమో ఎమ్మారైలో చూడాలి.

మీకు లేకపోయినా ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకు వచ్చే మరికొన్ని ఉన్నాయి. చీలమండ లోపలి ఎముక వెనక నొప్పి, ఒంటికాలి మీద మడమ లేవకపోవడం, పాదం వంపు రోజురోజుకీ చదునవడం కలిసి ఉంటే పాదం వంపును పట్టి ఉంచే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్‌ను అనుమానించాలి. దీన్ని నాన్చకూడదు, వంపు ఒకసారి కూలితే దానంతట అది తిరిగి రాదు. మూడు, నాలుగు వేళ్ల మధ్య మంట, తిమ్మిరి, బూటు విప్పగానే హాయి అనిపిస్తే నరం నలుగుతోందని అర్థం, ముందు భాగం వెడల్పున్న బూటుకు మారండి. పాదం పైన గీత గీసినట్టు నొప్పి అయితే లేసులు బిగుతై ఉండొచ్చు, నొప్పి ఉన్న చోట ఒక జత రంధ్రాలు వదిలేసి కట్టి చూడండి. ఇంత చిన్న కారణానికి స్కానింగులు తీయించుకునేవాళ్లూ ఉన్నారు.

ఎముకలో సన్నని పగులును మాత్రం విడిగా చెప్పాలి. ఒక్క వేలికొనతో చూపించగలిగే నొప్పి, పరుగెత్తేకొద్దీ తగ్గకుండా పెరిగే నొప్పి, రాత్రి పడుకున్నా సలిపే నొప్పి దాని గుర్తులు. టెండన్ నొప్పి వార్మప్‌తో సద్దుమణుగుతుంది, ఎముక నొప్పి సద్దుమణగదు. ఎక్కువగా రెండో, మూడో వేలి వెనకుండే పొడవాటి ఎముకలకు వస్తుంది. ఒకప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో సైనికుల వాచిన పాదాల గురించి ఆ సైన్యంలోని డాక్టరు బ్రైథాప్ట్ 1855లోనే రాశాడు, సైనికుల కవాతుతో ముడిపడింది కాబట్టే దీనికి మార్చ్ ఫ్రాక్చర్ అని పేరు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని ఆడేయకండి, అనుమానముంటే ఎమ్మారై. నావిక్యులర్ ఎముకకు, చిటికెన వేలి వైపు ఎముక మొదలుకు వచ్చే పగుళ్లు సులువుగా అతకవు, కాలు మోపకుండా ఉంచాల్సి రావచ్చు. వీటికి పైన చెప్పిన వ్యాయామాలేవీ వర్తించవు.

బూట్ల విషయంలో ఒక్క ప్రశ్న: నాలుగేళ్ల కిందటి జతనే బయటికి తీశారా? అయితే పక్కన పెట్టేయండి. వాడకపోయినా అడుగు ఫోమ్ గట్టిపడుతుంది, జిగురు ఊడుతుంది, పాలీయురెథేన్ అడుగైతే గాలిలోని తేమకే పొడిపొడిగా రాలిపోతుంది. పరుగు బూటుతో కోర్టులో ఆడడం ఇంకో తప్పు. దాని మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకు దూకినప్పుడు ఒరిగిపోతుంది. కోర్టుకు అడుగు తక్కువ ఎత్తుతో, పక్కలు గట్టిగా ఉన్నది కావాలి. అకిలిస్ నొప్పి ఉండగా మడమకూ ముందు భాగానికీ ఎత్తు తేడా లేని బూట్లకు మారొద్దు, 8 నుంచి 12 మిల్లీమీటర్ల తేడా ఉన్నదే నయం. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి, పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి.

మందుల గురించి క్లుప్తంగా. నొప్పి మాత్ర వేసుకుని ఆడడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, మర్నాటి ఉదయం చెప్పాల్సిన సంగతిని అది దాచేస్తుంది. అకిలిస్ టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు, తెగే ప్రమాదముంది. అరికాలి పట్టీకి ఇచ్చేదీ కొన్ని వారాల ఉపశమనమే, పదేపదే ఇస్తే పట్టీ తెగడం, మడమ కింది కొవ్వు కరగడం జరగొచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈమధ్య వాడారేమో గుర్తు చేసుకోండి. టెండన్లు దెబ్బతింటాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వాటి మీద తీవ్ర హెచ్చరిక వేయించింది. వాడుతూ ఉంటే ఆటను ఆపి, మందు సంగతి డాక్టరుతో మాట్లాడండి.

ఇప్పుడు ఎంత చేయాలో. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో వేసుకోండి. ఆడుతుండగా 3 దాకా ఫరవాలేదు. అసలు తీర్పు మర్నాటి ఉదయానిది: మొదటి అడుగులు, ఆ తర్వాత ఒంటికాలి మీద పదిసార్లు మడమ ఎత్తడం. రోజూ ఉండేదానికన్నా నొప్పి పెరగకపోతే నిన్నటి మోతాదు సరిపోయినట్టే. పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి, సున్నాకు కాదు.

ముందు 30 నిమిషాల చురుకైన నడక ఇబ్బంది లేకుండా సాగాలి. ఆ తర్వాత రోజు విడిచి రోజు, ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. మూడు సెషన్లు మర్నాటి పరీక్ష నెగ్గితే రెండు నిమిషాల జాగింగ్, రెండు నిమిషాల నడక. ఇలా నడక తగ్గిస్తూ పోతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆపకుండా 25 నిమిషాలు పరుగెత్తగలరు. దూరమూ వేగమూ ఒకే వారంలో పెంచకూడదు. ఎత్తుపల్లాలూ వేగపు పరుగులూ చివరికి ఉంచండి. వారం మొత్తం లెక్క సరిగ్గా ఉన్నా ఆదివారం ఒక్కరోజు రెట్టింపు చేసేవాళ్లకే దెబ్బలు ఎక్కువ, కాబట్టి గత నెలలో పరుగెత్తిన అతి పొడవైన దూరాన్ని ఒక్కసారిలో పదోవంతుకు మించి దాటొద్దు. ఇసుకలో పరుగు మెత్తగా అనిపిస్తుంది గానీ మడమ లోతుగా దిగబడి అకిలిస్ ఎక్కువ సాగుతుంది, ఈ నెలల్లో వద్దు.

కోర్టుకు వెళ్లాలంటే ఒంటికాలి మీద 20 సార్లు మడమ పూర్తిగా ఎత్తగలగాలి, ఒంటికాలి మీద 10 గెంతులు నొప్పి లేకుండా వేయగలగాలి. రెండూ కుదిరితే మొదటి రెండు వారాలు పాయింట్లు లెక్కపెట్టకుండా 20 నిమిషాల ర్యాలీ మాత్రమే ఆడండి, ఆ తర్వాత డబుల్స్, చివరగా సింగిల్స్. పరుగూ ఆటా ఒకే రోజు పెట్టుకోకండి, వరుస రోజుల్లోనూ వద్దు. బరువు వ్యాయామాన్ని ఆట రోజునే ఆట అయ్యాక చేసేస్తే టెండన్‌కు మర్నాడంతా ఖాళీ దొరుకుతుంది.

ఈ పద్ధతిలో ఆరు వారాలు చేసినా ఉదయం నొప్పి అంకె కదలకపోతే ఫిజియోకు చూపించుకోండి. పొద్దున బిగుతు అరగంట దాటి సాగుతుంటే, రెండు మడమలూ ఒకేసారి పట్టేస్తుంటే, వెన్నునొప్పి గానీ చర్మం మీద సోరియాసిస్ మచ్చలు గానీ తోడైతే మాత్రం వెళ్లాల్సింది కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరికి.